త్రీ వన్ సిక్స్ మాహాత్మ్యం

మా మనవరాలు శ్రీరంజని బ్యాగు సర్దుకుంటోంది. మధురైలో ఉద్యోగం వచ్చింది. తెల్లవారితే ప్రయాణం. మంచం మీద బ్యాగు నోరు తెరుచుకుని ఉంది. చుట్టూ చుడీదార్లు, తువ్వాళ్లు, ఫోన్ చార్జరు, మా కోడలు వళ్లి కొట్టిన కందిపొడి డబ్బా, బ్యాగు అడుగున ఎవరూ చూడకుండా నేను దూర్చిన కుంకుమ పొట్లం.

ఇటువంటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఏం చేయాలి? జాగ్రత్తలు చెప్పాలి. మళ్లీ ఎప్పుడొస్తావని అడగాలి. పక్కకు తిరిగి కళ్లు తుడుచుకోవాలి. అవునా? అదంతా పాతకాలపు మోటుతనం! మేము అందరం కూర్చుని ఆ పిల్ల నీళ్ల బాటిల్ గురించి మాట్లాడుకున్నాం. రాత్రి వంట ఆలస్యమయ్యేంతసేపు మాట్లాడుకున్నాం.

ఎందుకంటే బాటిల్ త్రీ నాట్ ఫోర్ అని తేలింది. త్రీ వన్ సిక్స్ కాదు!

చదివేవాళ్లలో కొందరికి ఈ అంకెలు తెలియకపోవచ్చు. మీ మీద నాకు జాలి. ఇవి స్టీలు గ్రేడులు. ఈ రోజుల్లో స్టీలు గ్రేడు తెలియని మనిషి ఇంటిపేరు తెలియని మనిషికంటే హీనం. ఒకప్పుడు కోయంబత్తూరులో మన తెలుగువాళ్లు ఎదురుపడితే ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగేవాళ్లు. ఇప్పుడు చేతిలో బాటిల్ చూసి గ్రేడు ఎంత అని అడుగుతున్నారు. ఇది అభివృద్ధి కాదా?

నా కొడుకు కృష్ణరాజ్ ఈ ఊళ్లోనే గణపతి అనే పేటలో పంపులకు కావలసిన సామాన్లు చేస్తాడు. వాడి పుణ్యాన, వాడి షెడ్డులో పడి ఉండే క్యాటలాగుల పుణ్యాన, ఈ రెండు గ్రేడుల సంగతి నాకు మనవరాలి పుట్టినరోజు కంటే బాగా తెలుసు. త్రీ నాట్ ఫోర్‌లో నూటికి క్రోమియం పద్దెనిమిది పాళ్లు, నికెల్ ఎనిమిది పాళ్లు. త్రీ వన్ సిక్స్‌లో క్రోమియం కాస్త తగ్గించి, నికెల్ కాస్త పెంచి, మాలిబ్డినం అనే మరో లోహం రెండు పాళ్లు కలుపుతారు. అంతే.

అయితే త్రీ వన్ సిక్స్ ఎక్కువ గట్టిదా? కాదు, లాగితే తెగే బలం దాదాపు ఒకటే. ఎక్కువ మెరుస్తుందా? పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. బరువు? వెంట్రుకవాసి ఎక్కువ. కాఫీ రెండింట్లోనూ ఒకే వేగంతో చల్లారుతుంది. రెండింటి అంచూ పెదవిని ఒకేలా కాలుస్తుంది.

మరి ధర ఎందుకు ఎక్కువ? ఉప్పు! ఉప్పునీళ్లు నిలవ ఉంటే త్రీ నాట్ ఫోర్ మీద సన్నటి గోధుమరంగు చుక్కలు పడతాయి. త్రీ వన్ సిక్స్ మీద అంత సులువుగా పడవు. ఈ ఒక్క గుణం కోసం లోకం తలకిందులవుతోంది. ఇంతేనా అని తీసిపారేయకండి. మనుషుల్లో కూడా ఉప్పునీళ్లకు మచ్చపడని రకానికే ఎప్పుడూ గిరాకీ ఎక్కువ.

గ్రేడులు రాకముందు మనం ఎంత చీకట్లో బతికామో తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అప్పట్లో మనకున్న పరీక్ష ఒక్కటే, అయస్కాంతం. మా ఆడబిడ్డ సుగంధి మధురైలో ఎవర్‌సిల్వర్ అని పిలిచే స్టీలు పాత్రల కొట్టుకు వెళితే కొంగు చివర అయస్కాంతం ముక్క కట్టుకుని వెళ్లేది. గిన్నె అడుగున ఆనించేది. కాస్త లాగినా సరే, అది నకిలీ! కొట్టువాడు ఎంత మొత్తుకున్నా వినేది కాదు. లాగని గిన్నెలు ఏరి తెచ్చుకుని, ఏడాది పొడుగునా వచ్చినవాళ్లకల్లా ఆ కథ చెప్పేది. తన కూతురి పెళ్లికి గిన్నె గిన్నెకూ పేరు కొట్టించి మరీ ఇచ్చింది.

ఈమధ్య కృష్ణరాజ్ షెడ్డుకు ఒక గన్ వచ్చింది. పిస్తోలులాగే ఉంటుంది. లోహానికి ఆనించి మీట నొక్కితే అందులో ఏమేం కలిసి ఉన్నాయో తెర మీద చూపిస్తుంది. ఆదివారం దాన్ని ఇంటికి తెచ్చాడు. పోలీసులు సోదా చేసినట్టు వంటిల్లంతా సోదా చేశాడు. ఆ రోజు సుగంధి కూడా ఇక్కడే ఉంది. వాళ్ల ఇంటినుంచి పండుగలకు వచ్చిన గిన్నెలన్నీ వరసగా దొరికిపోయాయి. నికెల్ పొదుపు చేసి మాంగనీసు కలిపిన చవక రకం! అది కూడా అయస్కాంతానికి అంటుకోదట. పైగా అసలైన త్రీ నాట్ ఫోర్‌ని అచ్చులో లోతుగా నొక్కినప్పుడు ఒంపు దగ్గర అయస్కాంతం కాస్త లాగుతుందట. అంటే మా ఆడబిడ్డ జన్మంతా మంచివాటిని వెనక్కి పంపి, చవకవాటిని గెలిచినట్టు ఇంటికి తెచ్చుకుంది.

ఆమె ఆ గన్‌ని కాసేపు చూసింది. “ఏండా కృష్ణరాజూ, మీ మామను కట్టుకునేటప్పుడు ఈ గన్ ఎక్కడ పోయిండె?” అంది. మా కోడలు నవ్వాపుకోలేక పెరట్లోకి పరిగెత్తింది.

చూశారా? ఒక్క యంత్రం ఒక ముసలి దంపతుల కాపురంలోని నిజాన్ని కూడా బయటికి లాగింది. దీన్ని వరం అనక ఏమంటారు?

ఇంకా వినండి. కినత్తుకడవులో మా దూరపు చుట్టం అయ్యాసామికి కొబ్బరితోట ఉంది. బోరులో నీళ్లు ఉప్పుతేలి పంపు తరచూ చెడిపోయేది. కృష్ణరాజ్ సలహా మీద ఇరుసు, చుట్టూ గొట్టం, బోల్టులతో సహా త్రీ వన్ సిక్స్‌తో కొత్త పంపు దింపాడు. వేసవి వచ్చింది. బోరు ఎండిపోయింది. చెట్లు మట్టలు వేలాడేశాయి. పంపును పైకి తీసి చూస్తే పెళ్లికొడుకులా మెరిసిపోతోంది! చూడడానికి వచ్చినవాళ్లందరికీ అయ్యాసామి ఇప్పుడు ఆ పంపునే చూపిస్తున్నాడు. తోట వైపు ఎవరినీ తీసుకెళ్లడం లేదు. మనసు కుదుటపడడానికి మనిషికి ఒక్కటైనా చెడనిది ఉండాలి కదా.

ఒక్కచోట మాత్రం ఈ విజ్ఞానం ఇంకా చాలలేదు. పోయిన తై నెలలో, అంటే సంక్రాంతి నెలలో, చుట్టాల పెళ్లికి వెళ్లాను. ముత్తయిదువలకు కుంకుమ ఇస్తూ ఒక చిన్నపిల్ల పళ్లెం పట్టుకుని వరసగా వస్తోంది. నా ముందుకు వచ్చి ఆగింది. వెనక నుంచి వాళ్లమ్మ కళ్లతోనే ఏదో చెప్పింది. పిల్ల పళ్లెం చాచనూ లేదు, వెనక్కి తీసుకోనూ లేదు. నా నుదుటన బొట్టు ఉంది. మెడలో తాళి ఉంది. ఇంట్లో మనిషి లేడు. ఇన్నేళ్లుగా ఆయన ఉన్నట్టా, లేనట్టా? పాపం ఆ పిల్ల తప్పేముంది? పైకి చూస్తే గ్రేడు ఎలా తెలుస్తుంది! అయస్కాంతం కూడా చెప్పలేదు. ఆ గన్‌తో నా నుదుటిని కాల్చి తెర మీద అంకె చూపిస్తే, పెళ్లివారికి ఎంత హాయి! నేనే చెయ్యి చాచి చిటికెడు కుంకుమ తీసుకుని, పిల్లను ముందుకు పొమ్మన్నాను.

విషయానికి వస్తాను. గ్రేడుల గొప్పతనం అసలు కనపడేది సాగనంపేటప్పుడే.

పాతరోజుల్లో మనిషి గడప దాటడం ఎంత నరకం! ఇవ్వాల్టికి ఉండిపోకూడదా అని ఒకరు. జ్వరం వస్తే ఎవరు చూస్తారని ఒకరు. బస్సు కదిలాక కూడా కిటికీ పట్టుకుని నడిచేవాళ్లు ఒకరు. ఇప్పుడు ఆ బాధ లేదు. ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన సంభాషణ అంతా బాటిల్ మూత లోపలి భాగం ఏ గ్రేడు అన్నదాని మీదే. శ్రీరంజని ఒకసారి నా వైపు చూసి ఏదో అనబోయింది. అంతలో వాళ్ల నాన్న మాలిబ్డినం గురించి మొదలుపెట్టాడు. నేనూ ఊరుకోలేదు, నికెల్ గురించి అడిగాను. మా కోడలు కందిపొడి డబ్బా కూడా మార్చాలేమో అంది. ఎవరి గొంతూ పూడుకుపోలేదు. ఎవరి కన్నూ చెమ్మగిల్లలేదు. మాలిబ్డినం రెండు పాళ్లే, కానీ ఎంత పని చేసిందో చూడండి!

అయితే మా ఇంట్లో ఒక పాత పద్ధతి ఉంది. వందల ఏళ్ల కిందట ఈ వైపుకు వలస వచ్చేటప్పుడు మావాళ్లు వెంట తెచ్చుకున్నారో, దారిలో నేర్చుకున్నారో తెలియదు. ఇంట్లో మనిషి మనిషికీ పేరు కొట్టించిన లోటా ఉంటుంది. ఊరికి బయలుదేరేవాళ్లు తమ లోటాలో సగం నీళ్లు తాగి సగం మిగల్చాలి. చేరినట్టు కబురు వచ్చేదాకా ఆ లోటాను కదపకూడదు. కబురు రాగానే ఆ సగం నీళ్లు కరివేపాకు చెట్టుకు పోసి, లోటా కడిగి బోర్లిస్తాం. పూర్వం ఉత్తరం వచ్చేదాకా రోజుల తరబడి అలా ఉండేవట. ఇప్పుడు సెల్‌ఫోన్ వచ్చాక పొద్దు గుంకకముందే బోర్లించేస్తున్నాం.

మా వంటింటి గూట్లో ఒక లోటా ఇంకా బోర్లించలేదు.

అది కృష్ణరాజ్ నాన్నది. దాని మీద తమిళ అక్షరాల్లో ఆయన పేరు ఉంది. ఆ పేరు నేను నోటితో చెప్పను, మా తరం ఆడవాళ్లకు అలవాటు లేదు. లోటా మీద ఉంది కాబట్టి చెప్పవలసిన అవసరమూ రాలేదు. ఆయన పంపుల మెకానిక్. మధురై దాటాక మేలూరు పక్కన ఒక గ్రానైట్ క్వారీలో నీళ్లు తోడే పంపు చూసి వస్తానని వెళ్లారు. సెల్‌ఫోన్ అంటే ఆయనకు చిరాకు, ఇంట్లోనే పెట్టి వెళ్లారు. క్వారీకి చేరలేదు. కబురు రాలేదు. లోటా ఎలా బోర్లించను?

మిగిల్చిన నీళ్లు ఆవిరైపోతాయి కదా. అందుకని రోజూ పొద్దున్నే అంతవరకే మళ్లీ పోస్తాను. మా బోరు నీళ్లు ఉప్పన. పోయగా పోయగా లోటా లోపల, నీళ్లు ఆగే చోట, గోధుమరంగు చుక్కలు పడ్డాయి. ఒకదాని పక్కన ఒకటి, చుట్టూ వరసగా. త్రీ నాట్ ఫోర్ గుణమే అది. క్యాటలాగులో అచ్చం అలాంటి బొమ్మ ఉంది.

ఇక అసలు గండం. ఇంట్లో ఉన్న పాతపాత్రలన్నీ ఇచ్చేసి త్రీ వన్ సిక్స్‌వి తెచ్చుకోవాలని కృష్ణరాజ్ నిశ్చయించాడు. బజారులో ఒక కొట్టువాడు ఎక్స్‌ఛేంజ్ పెట్టాడు. గోనెసంచి వంటింట్లో వచ్చి కూర్చుంది. శ్రీరంజనిని బస్సు ఎక్కించి, అటునుంచి అటే సంచిని కొట్టుకు తీసుకుపోవాలని ఏర్పాటు. ఒక పక్క బ్యాగు నిండుతోంది, మరో పక్క గోనె నిండుతోంది. ఆడబిడ్డ గిన్నెలు వెళ్లాయి. నా కాపురం మొదట్లో కొన్న ఇడ్లీ పాత్ర వెళ్లింది. విజ్ఞానానికి ఎదురు నిలవడానికి నేనెవరిని?

తరవాత వాడు గూట్లోంచి ఆ లోటా తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. నేరుగా సంచిలో వేయలేదు, అది చెప్పాలి. నీళ్లు ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు.

“అమ్మా, ఇది పిట్టింగ్ మా. పైకి సూదిమొన అంతదా కనపడతాది. లోపల తినుకుంటా పోతాది. ఒకనాడు కారిపోతాది,” అన్నాడు.

“కారేటప్పుడు చూస్తాంలే,” అన్నాను.

వాడు లోటాను గట్టు మీద పెట్టి, చొక్కా కింద దాచిన కాగితం పొట్లం తీసి విప్పాడు. కొత్త లోటా! త్రీ వన్ సిక్స్, వాడే షెడ్డులో చేయించాడు. పాతదాని కొలతే. దాని మీద వాళ్ల నాన్న పేరు, అవే అక్షరాలు, అదే వంపు. పాత పేరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చు చూపించి మరీ కొట్టించాడట.

“దీంట్లో ఎన్నాళ్లు పోసినా మచ్చ పడదు మా,” అన్నాడు. నా మొహం చూడకుండా పేరు వైపే చూస్తూ అన్నాడు.

పాఠకులారా, త్రీ వన్ సిక్స్ మాహాత్మ్యాన్ని నేను అప్పుడే పూర్తిగా తెలుసుకున్నాను. ఎంతటి లోహం! ఏళ్ల తరబడి నీళ్లు నిలిచినా, పొద్దున పోసినట్టే ఉంటుంది. చూసినవాళ్లు ఎవరూ ఎంతకాలమైందని అడగరు. ఇంటికి వచ్చిన చుట్టాలు గూట్లో దాన్ని చూసి కళ్లు దించుకోనక్కరలేదు. ఆరు నెలలైనా, అరవై ఏళ్లయినా ఒకటే మెరుపు! ఎదురుచూసేవాళ్లకు ఇంతకంటే మర్యాద కాపాడే వస్తువు ఉందా?

నేను పాత లోటాలోని నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయబోయి, కబురు రాలేదు కదా అని ఆగి, వాటిని కొత్త లోటాలోకే వంచాను. కొత్తదాంట్లో నీళ్లు సరిపోయాయో లేదోనని లోపలికి చూశాను.

లోపల ఏమీ లేదు. అద్దంలా ఉంది.

“ఎంతవరకు పోయాలి రా?” అని అడిగాను.

వాడికి మొదట అర్థం కాలేదు. పాత లోటా అందుకుని లోపలికి చూశాడు. గోధుమరంగు చుక్కల వరస సగానికి కాస్త కింద ఉంది. వాళ్ల నాన్న ఆ పొద్దున సగానికంటే కాస్త ఎక్కువే తాగారు. దాహం మీద ఉన్నారో, తొందరలో ఉన్నారో. తాగడం ఆపింది అక్కడ.

“గీత కొట్టించి తెస్తాను మా,” అన్నాడు. “కొలిచి, అంతే ఎత్తుకు.”

“నువ్వు కొడితే అది నీ గీత, కన్నూ,” అన్నాను.

వాడు నీళ్లు మళ్లీ పాతదాంట్లోకి పోసి, చుక్కల దగ్గర సరిగ్గా ఆగేలా వంగి చూసుకుని, గూట్లో పెట్టాడు. దాని కింద ఒక పళ్లెం కూడా పెట్టాడు. కారితే తెలియాలి కదా.

తెల్లవారుజామున శ్రీరంజని తన లోటాలో సగం తాగి సగం మిగిల్చింది. పెద్దదైపోయింది, ఇవన్నీ మూఢనమ్మకాలు అంటుందేమో అనుకున్నాను. అనలేదు. చెప్పులు వేసుకుని మళ్లీ లోపలికి వచ్చి, నా చెవి దగ్గర వంగింది.

“అవ్వా, మెసేజ్ పెట్టను. ఫోన్ చేస్తాను. మాట్టుతావణి బస్టాండులో దిగతానే చేస్తాను,” అంది.

రాత్రి ఆ పిల్ల అనబోయింది అదేనేమో. వాళ్ల నాన్న మాలిబ్డినంతో అడ్డుపడ్డాడు.

తలుపు దగ్గర అందరం నిలబడ్డాం. గ్రేడులన్నీ అయిపోయాయి, ఇక మాట్లాడడానికి ఏమీ మిగల్లేదు. ఆటో మలుపు తిరిగింది. లోపలికి వచ్చి చూస్తే భోజనాల బల్ల మీద, రాత్రికి రాత్రి వాళ్ల నాన్న కొని తెచ్చిన కొత్త త్రీ వన్ సిక్స్ బాటిల్ నిండా నీళ్లతో నిలబడి ఉంది. అంత చర్చించి, అంత ఖర్చు పెట్టి, మరిచిపోయి వెళ్లింది! దారిలో ప్లాస్టిక్ బాటిల్ కొనుక్కుని ఉంటుంది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. చేరింది. మాట్టుతావణి పక్కనే హాస్టల్. గదిలో ఫ్యాన్ తిరుగుతోందట, అన్నం బాగా లేదట. ఫోన్ పెట్టేశాక ఆ పిల్ల లోటాలోని సగం నీళ్లు కరివేపాకు చెట్టుకు పోశాను. కడిగి బోర్లించాను. తడి చేతుల్లోంచి ఒకసారి జారింది. సొట్ట పడలేదు. సొట్టల విషయంలో రెండు గ్రేడులూ ఒకటే.

కృష్ణరాజ్ చేయించిన కొత్త లోటా వృథా పోలేదు. దాంట్లో కల్లుప్పు పోసి పొయ్యి పక్కన పెట్టాను. ఎంత ఉప్పయినా తట్టుకుంటుంది, మచ్చపడదు. దానికి తగిన పని అది.

కాబట్టి అందరూ తప్పకుండా త్రీ వన్ సిక్స్ కొనండి. బాటిళ్లు కొనండి, గిన్నెలు కొనండి, పంపులు కొనండి. నాకు దాని మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఎవరు ఎంత తాగి లేచి వెళ్లిపోయారో అది చెప్పదు.

రఘురామన్ 2008 జూలై పదిహేడు, గురువారం పొద్దున బయలుదేరారు. మాట్టుతావణిలో మేలూరు బస్సు ఎక్కడ అని ఒక టీకొట్టులో అడిగారు. తిరిగి రాలేదు.